సార్ సరిచేసిన ఇల్లు

మా బడి పిల్లలు కాగితం మడతలకు తమ పేర్లే పెట్టుకున్నారు. మడత అంచు పైకి లేస్తే అది గుట్ట మడత. వాగులా లోపలికి దిగితే వంక మడత. జిగురు పూయడానికి గోడ అంచున వదిలే సన్నటి పట్టీ పేరు చెవి. నేను మొదటిరోజు బోర్డు మీద పుస్తకాల మాటలేవో రాశాను గానీ వారం తిరిగేసరికి అవి ఎవరికీ గుర్తులేవు. "సార్, వీడు చెవి పెట్టకుండానే కత్తిరించినాడు! ఇంగ గోడ ఎట్ల అతుక్కుంటాది?" అని ఒకడు అరిస్తే, "నీ చెవి కోసి పెడతాలే మూసుకో" అని రెండోవాడు అనేవాడు. గది అంతా నవ్వు. నేను కూడా నవ్వేవాణ్ణి.

ఆలూరుకు ఆటోలో కొంత దూరం పోతే వచ్చే ఊరు అది. శనగ, పత్తి, వాన పడితే వేరుశనగ. బడికి నేనూ హెడ్మాస్టరూ ఇద్దరమే. నా కుటుంబం కడపలో ఉంటుంది. నేను ఆలూరులో గది తీసుకుని ఉండేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు నాకు వదిలేసేవాడు హెడ్మాస్టరు. ఆ రెండు పీరియడ్లలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు కాగితంతో నిలబడే బొమ్మలు చేయడం నేర్పేవాణ్ణి. బల్ల మీద పరిచే బొమ్మలు కాదు. నాలుగు వైపుల నుంచీ చూడగలిగేవి, కింద పెడితే తమంతట తాము నిలబడేవి.

కాగితం కొనేది తక్కువ. పాత పెళ్ళి పత్రికలు, బట్టల అంగళ్ళలో పారేసే చీరల అట్టపెట్టెలు, అయిపోయిన నోటుబుక్కుల అట్టలు. జిగురుకు మైదాపిండి ఉడికించేవాణ్ణి. మందపాటి అట్టను ఉన్నపళంగా మడిస్తే అంచు చిరుగుతుంది. సిరా అయిపోయిన రీఫిల్‌తో ముందు గట్టిగా ఒక గీత గీసి, ఆ గీత మీద మడిస్తే మాట వింటుంది. ఖాళీ రీఫిళ్ళ కోసం పిల్లలు కొట్లాడుకునేవాళ్ళు. మొదటిసారి ఒక పిల్లోడి పెట్టె నాలుగు గోడలతో లేచి నిలబడినప్పుడు వాడు చేతులు వెనక్కి తీసుకుని, ఎవరో తోసేస్తారన్నట్టు చుట్టూ చూసి, "నిలబడిండాది సార్, నిలబడిండాది!" అని గుసగుసగా అన్నాడు. గట్టిగా అంటే పడిపోతుందని భయం.

నాకు ఈ పని యాడనుంచి వచ్చిందని పిల్లలు అడిగేవాళ్ళు. శిక్షణ తరగతుల్లో కొంత, ఫోన్లో వీడియోలు చూసి కొంత. కానీ అసలు చేతికి వచ్చింది మా నాయన అంగట్లో. కడప దగ్గర ఒక సంత ఊళ్ళో మాది బట్టల కొట్టు. మడత పెట్టి కట్టలుగా వచ్చే అట్టలను పెట్టెలుగా నిలబెట్టి, చీర పెట్టి మూత వేసి ఇచ్చే పని చిన్నప్పుడు నాది. అంచుకు అంచు కలవకపోతే మూత కూర్చోదు. మూత కూర్చోకపోతే మా నాయన అందరిముందూ ఆ పెట్టె నా చేతికి తిరిగిచ్చేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. గోడ నిటారుగా ఉండాలి, మూల మూలలా ఉండాలి అన్నది నాకు కళ కాదు, భయం. పిల్లలకు నేను నేర్పింది ఆ భయాన్నే అని అప్పట్లో నాకు తెలియదు.

ఐదో తరగతిలో ఒక పాప ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. అందరూ నా గీతలు చూసి గీసుకుంటుంటే ఈ పాప గోడలు, చెట్లు, కోళ్ళగూడు, బడి ముందర నీళ్ళట్యాంకు ఎగాదిగా చూసి వచ్చి మొదలుపెట్టేది. ఒకసారి బడి నీళ్ళకుళాయి చేసింది. కుళాయి కింద నీటిచుక్కలా ఒక కాగితం ముక్క సన్నటి దారంతో వేలాడుతోంది. ఊదితే ఊగుతుంది. "ఇది ఎవరు చెప్పినారు నీకు?" అన్నాను. "ఎవరూ చెప్పలే సార్. కారుతాంటాది కదా" అంది. నేర్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వం పాప మీదా, నా మీదా అని నేనెప్పుడూ విడదీసి చూసుకోలేదు.

ఆలూరు హైస్కూల్లో మండలం పిల్లలందరి చేతిపనుల ప్రదర్శన ఉంటుందని వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. బాగున్నవి ఎంపిక చేసి, చేసిన పిల్లలతో సహా కర్నూలు తీసుకుపోతారట. పిల్లలకు ఈ మాట చెప్పగానే బడి బడిలా లేదు. వాళ్ళలో చాలామంది కర్నూలు చూడలేదు. అక్కడి కోట బురుజు ఎంత ఎత్తుంటుంది, దాని మీద ఎక్కనిస్తారా, బస్సులో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలి అని వాదించుకున్నారు. "మన ఊరు" అన్న పేరుతో అందరూ తలా ఒక ఇల్లో అంగడో చేయాలని అనుకున్నాం. పెద్ద అట్ట మీద వాటన్నిటినీ వరుసగా నిలబెడితే వీధి అవుతుంది. వీధి నడుమ పెట్టే ఇల్లు పాప చేయాలని పిల్లలే చెప్పారు. దాని చేతిపని ఎలాంటిదో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు.

పాప రెండు శనివారాలు ఆ ఇంటి మీదే కూర్చుంది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అయిపోయాక నాకు చూపించి బడి బీరువాలో పెట్టింది. నేను తల ఊపాను. ఆ ఇల్లు ఒక పక్కకు ఒరిగి ఉంది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు హెడ్మాస్టరు బీరువా తెరిచి చూశాడు.

"ఏమప్పా, ఇవేనా నువ్వు ఆలూరుకు తీసుకపోయేది?"

"అవును సార్."

"ఈ ఇల్లు చూసినావా? అది ఇల్లా, తాగొచ్చినోడా? గాలి తగిల్తే పడతాది."

నేను నవ్వాను. "పిల్లలు చేసింది కదా సార్."

"పిల్లోల్లు చేసింది పిల్లోల్ల మాదిరే పెడితే మనల్ని చూసి నవ్వుతారప్పా. అక్కడ ప్రతి బడోడూ తనే చేసుకోనొస్తాడు. నీకు తెల్వదా? రవంత సరిచెయ్యి. మధ్యలో పెట్టే ఇల్లన్నా నిలువుగా ఉండనీ."

నాకు తెలుసు. మా ఉద్యోగంలో ఇది అందరికీ తెలిసిన పద్ధతి. పరిశీలనకు ఎవరైనా వస్తున్నారంటే గోడ మీద చార్టులు మేమే రాస్తాం. కింద పిల్లోడి పేరు రాస్తాం. పిల్లోడికి జవాబు బట్టీ పట్టిస్తాం. అబద్ధమని ఎవరికీ అనిపించదు. పెళ్ళికి ఇంటికి సున్నం కొట్టినట్టు అనుకుంటాం. అందుకే, హెడ్మాస్టరు అన్నాడు కాబట్టి చేశానని చెప్పుకుంటే అది సగమే నిజం. ఆయన అనకపోయినా నా వేళ్ళు ఆ ఒరిగిన గోడ మీదికి పోయేవే.

ఆ సాయంత్రం గంట కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక ఆ ఇల్లు బల్ల మీద పెట్టుకున్నాను. బ్లేడుతో చెవులు విప్పాను. ఎడమ గోడ బయటికి వాలింది, దాంతోపాటు కప్పు ఒక మూల కిందికి జారింది, తలుపు చట్టం వంకరపోయి తలుపు సగమే తెరుచుకుంటోంది. గోడకు బయటి నుంచి ఆనించి, బిగుతుగా చుట్టిన కాగితపు పుల్లలు రెండు అతికించి ఉన్నాయి. అవి ఎందుకో నాకర్థం కాలేదు. చెత్త అనుకుని పీకేశాను. ఎడమ గోడ పారేసి కొత్తది కత్తిరించాను. కప్పు మార్చాను. తలుపుకు కొత్త చట్టం పెట్టాను. రెండు వైపులా కిటికీలు, ముందర అరుగు, అరుగు మీద ముగ్గు. అంచుకు అంచు కలిసింది. బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగి చూశాను. చిన్నప్పుడు అంగట్లో మూత సరిగ్గా కూర్చున్న పెట్టెను చూసినప్పటి సంతోషమే అది. పాప మొహం గుర్తుకు రాలేదు. వచ్చి ఉంటే మురిసిపోతుందనే అనుకునేవాణ్ణి.

ఆలూరు హైస్కూల్లో పొడుగాటి బల్లలు వేశారు. మా బడికి ఒక మూల బల్ల దొరికింది. అట్టపెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి వీధి పేర్చాం. నడుమ ఇల్లు పెట్టాను. పాప పెట్టెలోకి తొంగిచూసింది. చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది.

"సార్, నా ఇల్లు యాడుండాది?"

"ఇదే కదమ్మా."

పాప ఆ ఇంటివైపు చూసింది. దగ్గరికి రాలేదు.

"బాగా కుదిరింది చూడు. రవంత సరిచేసినా అంతే" అన్నాను.

"మా గోడ సార్..." అని ఏదో మొదలుపెట్టింది. అప్పుడే పక్క బల్ల దగ్గర అలికిడి. ఎంపిక చేసే మేడం వస్తున్నారన్నారు. "అదంతా తర్వాత మాట్లాడుకుందాం. మేడం అడిగితే 'నేనే చేసినాను' అని చెప్పు. గట్టిగా చెప్పు, సరేనా?" అన్నాను. పాప సరే అనలేదు. కాదు అని కూడా అనలేదు. దాన్ని నేను సరే అని తీసుకున్నాను.

మేడం కర్నూలు నుంచి వచ్చారు. వెనకటికి డ్రాయింగ్ టీచరట. నెమ్మదిగా, ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి, వంగి చూస్తున్నారు. మా వీధి చూసి ఆమె మొహం వికసించింది. నడుమ ఇంటి దగ్గర ఆగారు.

"ఎంత బాగుందో! ఎవరు చేశారు దీన్ని?"

నేను పాప భుజం మీద చెయ్యి వేసి ముందుకు జరిపాను.

"నువ్వా తల్లీ? ఎవరి ఇల్లు ఇది?"

"తెలీదు మేడం" అంది పాప.

"తెలీకుండా ఎట్లా చేశావు మరి?"

పాప తల తిప్పి నావైపు చూసింది. ఆ చూపులో బెదురు ఉందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అది నాకు ఇచ్చిన అవకాశం. నేను కళ్ళతోనే "చెప్పు" అన్నాను.

"ఇది మా సార్ చేసినాడు మేడం."

"నువ్వేం చేశావు?"

"నేను వేరేది చేసినా. అది కనపల్లే."

పక్క బల్ల టీచర్లు నవ్వారు. పెద్దగా కాదు, నోరు మూసుకుని. వాళ్ళ బల్లల మీద ఉన్నవి ఎవరు చేశారో నాకు తెలుసు, వాళ్ళకు తెలుసు, బహుశా మేడంకూ తెలుసు. ఎదురు బల్ల మీద గుడి గోపురం ఒకటి ఉంది, కొలత బద్ద పెట్టి గీసినట్టు. దాని పక్కన నిలబడిన పిల్లోడు మేడం అడగకముందే "నేనే చేసినాను మేడం, వారం రోజులు పట్టింది మేడం" అని ఒకే ఊపిరిలో చెప్పాడు. ఆ గోపురం కర్నూలుకు పోయింది.

మేడం నావైపు తిరిగారు. "పిల్లలవి పిల్లల్నే చేయనీయండి సార్" అని మాత్రం మెల్లగా అన్నారు. ఆ మాటను నేను తట్టుకునేవాణ్ణే. కానీ నా వెనక నిలబడిన హెడ్మాస్టరు ముందుకొచ్చి చేతులు కట్టుకుని, "నేను ముందే చెప్పినా మేడం, పిల్లోల్లదే పెట్టప్పా అని. మా సార్‌కు రవంత ఉత్సాహం ఎక్కువ, ఏం చేస్తాం" అని నవ్వాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. అందులో సిగ్గు లేదు, భయం లేదు. గొడుగు కింద నిలబడినవాడి మొహంలా పొడిగా ఉంది.

ఒకే నిమిషంలో ఇద్దరు నన్ను వదిలేశారు. అలాగే అనిపించింది. ఒకరు నాకు సలహా ఇచ్చి చెయ్యి దులిపేసుకున్నారు. ఇంకొకరు నేను చెయ్యి పట్టి గీత గీయడం నేర్పిన పిల్ల. ఇద్దరిలో ఎవరి మీద కోపం రావాలో నా కోపానికి బాగా తెలుసు. అది బలం లేని వైపుకే పోయింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అందరం ఇరుక్కుని కూర్చున్నాం. హెడ్మాస్టరు బండి మీద ముందే వెళ్ళిపోయాడు. అట్టపెట్టెను పాప ఒళ్ళో పెట్టాను. మోయమన్నాను. కాసేపటికి దానితో అన్నాను. "నీకు నేర్పించింది దీనికేనా? అందరి ముందర నా పరువు తీసినావు." పాప పెట్టె అంచును రెండు చేతులతో పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నా మనసు కరిగేదేమో అని అప్పుడు అనుకున్నాను. ఏడవనందుకు కూడా దాని మీద కోపం తెచ్చుకున్నాను.

మరుసటి శనివారం బీరువా తీయలేదు. "కాయితం పని ఇంక లేదు. ఎందుకో మీకే తెలుసు" అని చెప్పి లెక్కలు మొదలుపెట్టాను. అంతే అన్నాను. అంతకుమించి అనే అవసరం లేకపోయింది. మిగతాది పిల్లలు చూసుకున్నారు.

"నీవల్లే మే. నోరు మూసుకోని ఉండుంటే కర్నూలు పోతాంటిమి."

"బురుజు ఎక్కుతాంటిమి."

"సార్ అంత కష్టపడి చేస్తే, నేను చెయ్యలే అంటాదంట. పెద్ద హరిశ్చంద్రుని కూతురు!"

ఈ మాటలు నాకు వినిపించాయి. కిటికీ పక్కనే నా కుర్చీ. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పాప పక్కన ఎవరూ కూర్చోవడం లేదని చూశాను. ఒక్క మాట అంటే ఆగిపోయేవాళ్ళు. అనలేదు. నిజం చెప్పాలంటే అది నాకు హాయిగానే ఉండింది. నా తరఫున ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండింది.

హెడ్మాస్టరుతో మాత్రం ఆలూరు నుంచి వచ్చిన మరుసటి రోజే టీ తాగాను. ఒకసారి ధైర్యం చేసి అడిగాను కూడా.

"ఆ పొద్దు మేడం ముందర అట్ల అన్నారెందుకు సార్? సరిచెయ్యమన్నది మీరే కదా."

"ఏమప్పా, ఇంకా అదేనా? నాకు రిటైర్మెంటు దగ్గరికొచ్చిండాది. నువ్వు చిన్నోడివి, నాలుగు మాటలు పడితే పడతావు. నాకు ఇప్పుడు మచ్చ పడకూడదు" అన్నాడు. చెప్పి, గ్లాసు కింద పెట్టి, "శనివారం రైలుకు పోతావా కడపకు? మధ్యాహ్నమే పో, నేను చూసుకుంటాలే" అన్నాడు.

పోయాను. ఆయనను క్షమించడానికి నాకు ఒక గ్లాసు టీ, ఒక పూట సెలవు సరిపోయాయి.

కొన్నాళ్ళకు పాప బడికి రావడం మానేసింది. మొదట ఒకరోజు, తర్వాత రెండు రోజులు, తర్వాత అసలు లేదు. అటెండెన్సు రోజూ ఫోన్లో పైకి పోతుంది. "ఆ పాప ఏమైందో కనుక్కోని రాప్పా, అడుగుతాండారు" అని హెడ్మాస్టరు అన్నాడు. నేను ఆ ఊళ్ళో మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. పాప ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. పిల్లలను అడిగి పోయాను.

వంక వైపు చివరి సందు. దూరం నుంచే నాకు తెలిసిపోయింది ఏది వాళ్ళ ఇల్లో. ఎడమ గోడ బయటికి వాలి ఉంది. నిరుడు వానలకు పునాది కిందికి నీళ్ళు దిగినట్టుంది. గోడ పడిపోకుండా బయటి నుంచి రెండు దుంగలు ఏటవాలుగా ఆనించారు. నాపరాళ్ళ కప్పు ఒక మూల జారింది. చట్టం వంకరపోయి తలుపు సగమే తెరుచుకుంటోంది.

ఆ సందులో నిలబడి నేను ఆ దుంగలనే చూస్తూ ఉండిపోయాను. బిగుతుగా చుట్టిన రెండు కాగితపు పుల్లలు. వాటిని వేళ్ళతో పీకి, నలిపి, బల్ల కింద పడేసింది నేనే. ఒరిగిన గోడను కాగితంలో నిలబెట్టడం నిటారు గోడను నిలబెట్టడం కన్నా ఎంత కష్టమో ఆ పని తెలిసినవాడికి చెప్పక్కర్లేదు. కింది మడతను ఎంత వంచాలి, పుల్ల ఎక్కడ ఆనాలి, కప్పు బరువు ఎటు పోవాలి. ఆ పిల్ల రెండు శనివారాలు ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చేసింది అదే. నేను దాన్ని తప్పు అనుకున్నాను. తప్పే అయితే, అడగాల్సింది కదా "ఎందుకు ఇట్లా ఉంది" అని. మూడు మాటలు. అవి నా నోటికి రాలేదు.

తలుపు సందులోంచి వాళ్ళమ్మ బయటికి వచ్చింది. నన్ను చూడగానే కొంగు సర్దుకుని, అరుగు మీద గోనెపట్టా పరిచింది.

"రాండి సార్, కూసోండి. మీరు వస్తారని తెల్సు."

"పాప బడికి రాలేదమ్మా. ఎందుకో కనుక్కుందామని..."

"వాళ్ళ పిన్నమ్మతో పత్తి తీసేకి పోతాండాది సార్. బడికి పొమ్మంటే పోనంటాది." ఆమె గొంతు తగ్గించింది. "తప్పైపోయింది సార్. దానికి బుద్ధి లేదు. ఆలూరులో ఏందో అన్నాదంట కదా, పిల్లోల్లు చెప్పినారు. మీ సార్ అంత కష్టపడి చేస్తే అందరి ముందర అట్ల చెప్తావా అని నేను బాగా దెబ్బలు పెట్టినా. చిన్నది సార్, నిజం యాడ చెప్పల్లో యాడ చెప్పకూడదో దానికి తెల్దు. మీరు మనసులో పెట్టుకోవద్దండి."

నేను చెప్పాల్సిన మాట నా నాలుక మీదే ఉంది. ఆ మాట చెప్పడానికి అంతకన్నా మంచి చోటు, మంచి మనిషి, మంచి సమయం నాకు మళ్ళీ దొరకలేదు. కానీ ఆ తల్లి చేతులు జోడించి నిలబడింది. నేను సార్‌ని. అలవాటుగా చెయ్యి ఎత్తాను.

"సరేలేమ్మా. చిన్నపిల్ల. వదిలేద్దాం. రేపటి నుంచి పంపండి."

క్షమించాను! తప్పు చేసినవాణ్ణి నేను, దెబ్బలు తిన్నది ఆ పిల్ల, క్షమించింది నేను. మాట నోటి నుంచి బయటపడగానే ఎంత నీచంగా వినిపించిందో ఇప్పటికీ చెవిలో ఉంది. అదే సమయంలో తలుపు వెనక ఏదో కదిలింది. పత్తి చేను నుంచి ముందే వచ్చినట్టుంది, పాప అక్కడే నిలబడి అంతా విన్నది. వంకర తలుపు సందులోంచి నాకు ఒక కన్ను, సగం మొహం కనిపించాయి. తర్వాత అవి కూడా లేవు.

మరుసటి రోజు బడికి వచ్చింది. ఆ శనివారం నేను బీరువా తెరిచాను. పిల్లలు ఓ అని అరిచారు. పాప తన చోట కూర్చుని కాగితం ముందర పెట్టుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మొదలుపెట్టు" అన్నాను.

"ఏం చేయల్ల సార్?"

"నీ ఇష్టం."

"మీరు చెప్పండి సార్."

బోర్డు మీద పెట్టె గీశాను. నేను గీసినట్టే గీసింది. నేను మడిచే వరకు ఆగి మడిచింది. ప్రతి మడతకూ లేచి నా బల్ల దగ్గరికి వచ్చి "ఇది సరేనా సార్?" అని అడిగింది. అంచుకు అంచు కలిసింది. మూలలు మూలల్లా ఉన్నాయి. మా నాయన అంగట్లో ఆ పెట్టెకు ఎవరూ వంక పెట్టేవాళ్ళు కాదు. తర్వాతి వారం ఇంకా ఘోరం. గీత గీయకముందే రీఫిల్ నా చేతికి ఇచ్చి, "మీరే గీయండి సార్. మల్ల మీరు సరిచేస్తారు కదా" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అది ఎత్తిపొడుపు అయినా బాగుండేది. పాఠం నేర్చుకున్న పిల్ల చెప్పినట్టు చెప్పింది.

ఆ రాత్రి, ఆ మరుసటి రాత్రి ఎలా గడిచాయన్నది రాయను. సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను. సరిగ్గా చెప్పలేకపోయాను. వాక్యాలు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. ఆలూరులో పాప చెప్పింది నిజమని, ఆ ఇల్లు నేనే చెడగొట్టానని, పాప ఏమీ తప్పు చేయలేదని, తప్పు నాదని, పాపను ఎవరూ ఏమీ అనకూడదని, అన్నప్పుడు ఆపకపోవడం కూడా నా తప్పేనని. హెడ్మాస్టరు వరండాలో నిలబడి ఇబ్బందిగా దగ్గాడు. పిల్లలు నన్ను కాదు, నా చొక్కా గుండీలను చూస్తున్నట్టు చూశారు. చివరికి ఒకడు చెయ్యి ఎత్తాడు.

"అయితే మల్ల కర్నూలు పోతామా సార్?"

అందరూ నవ్వారు. పాప నవ్వలేదు. తల వంచుకుని గౌను అంచు మడుస్తూ, విప్పుతూ ఉంది.

సాయంత్రం వాళ్ళింటికి కూడా పోయాను. వాళ్ళమ్మతో అదే మాట చెప్పాను. తప్పు నాదమ్మా, పాపది కాదు అన్నాను. ఆమె వింది. విని, నవ్వి, "పెద్ద మనసు సార్ మీది. అందుకే అట్ల అంటాండారు" అంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మొదటిసారి నేను ఇచ్చిన మన్నింపు అక్కడ అప్పటికే పాతుకుపోయింది. దాన్ని పీకి నిజాన్ని నాటడం నా వల్ల కాలేదు. "మీ పాపను కొట్టొద్దమ్మా ఇంక" అన్నాను. "అట్లనే సార్" అంది. అది మాత్రం నమ్మినట్టు అనిపించింది.

తర్వాతి శనివారం పాప ముందర ఒక మంచి అట్ట పెట్టాను, కొత్త చీర పెట్టెది, లోపల తెల్లగా ఉండేది. బోర్డు మీద ఏమీ గీయలేదు. నా కుర్చీ వెనక్కి లాక్కుని గోడ దగ్గర కూర్చున్నాను. మిగతా పిల్లలు కత్తిరిస్తున్నారు, తిట్టుకుంటున్నారు, జిగురు వేళ్ళు జుట్టుకు తుడుచుకుంటున్నారు. పాప చాలాసేపు ఆ అట్టను చూసింది. రీఫిల్ తీసుకుంది. ఒక గీత మొదలుపెట్టి నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి అట్టను నలగకుండా సంచిలో పెట్టుకుంటోంది.

"ఏమైందమ్మా?"

"ఇంటికాడ చేసుకుంటా సార్."

"ఈడే చెయ్యి. నేనేం అనను. చూడను కూడా."

"ఇంటికాడ చేసుకుంటా" అంది మళ్ళీ, గట్టిగా.

వద్దనడానికి నాకేం హక్కు? రీఫిల్ కూడా తీసుకుపొమ్మన్నాను. ఆ తర్వాత ప్రతి శనివారం బీరువాలోంచి ఒక అట్ట తీసుకుని సంచిలో పెట్టుకునేది. తరగతిలో మిగతా పిల్లలు గోడలు అతికిస్తుంటే చెవులు పట్టుకునేది, జిగురు కలిపి ఇచ్చేది, నవ్వడం కూడా మొదలుపెట్టింది. తనది మాత్రం ఒక్క మడత కూడా నా ఎదురుగా వేయలేదు.

బడి ముగిసే రోజులు దగ్గరపడ్డాయి. ఐదో తరగతి అయిపోతే పాప పెద్దబడికి పోతుంది. ఒకరోజు వరండాలో ఎదురుపడితే ఉండబట్టలేక అడిగాను.

"ఆ అట్టలతో ఏమైనా చేసినావా?"

"చేసినా సార్."

"ఎన్ని?"

"శానా."

"ఒక్కటన్నా తెచ్చి చూపించలేదే?"

పాప మొహంలో కోపం లేదు. నన్ను బాధపెట్టాలని కూడా లేదు. అడిగితే జవాబు చెప్పాలి కాబట్టి చెప్పింది, ఆలూరులో మేడంకు చెప్పినట్టే.

"అవి మీకు చూపించేవి కాదు సార్."

చెప్పి, దారిచ్చేదాకా నిలబడింది. నేను పక్కకు జరిగాను.